చెన్నపట్టణము - పుట్టుక, వర్తకము, పల్లెలతోడి పొత్తు

కథ నారంభించుటకు ముందు నగరమును వర్ణించుట ప్రబంధకవుల యాచారము. అల్లసాని పెద్దన మనుచరిత్రములోని అరుణాస్పదపురము మొదలుకొని ఎన్నియో పురములు మేడలతో, కోటలతో, ఉద్యానములతో కన్నులకు గట్టినట్లుండును. కాని ఆ పురవాసులు తినెడి బియ్యము ఏ పల్లెనుండి వచ్చెను, ఆ మేడలకైన సొమ్ము ఏ పద్దున జమపడెను అను ప్రశ్నలకు ప్రబంధములలో జవాబు దొరకదు. అట్టి ప్రశ్నలు భారతమున సభాపర్వమునందు కలవు. నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, రాజ్యమున చెరువులు నిండియున్నవా, సేద్యగాండ్రకు విత్తులకును తిండికిని లోటు లేదుగదా, దూరదేశములనుండి వచ్చిన వర్తకులవద్ద న్యాయమైన సుంకమే కొనుచున్నారుగదా యని విచారించెను. మహానగరముల చరిత్రమును తెలిసికొనగోరువారికి ఈ ప్రశ్నలే సరియైన దారి. తెలుగుపల్లెలకు నూట యేబది యేండ్లకు పైగా రాజధానియై, నేడు చెన్నై యను పేర తమిళనాడునకు రాజధానియైయున్న చెన్నపట్టణమును ఆ దారినే పరిశీలింపదగును.

ఈ పట్టణమునకు పుట్టుకతో మంచి రేవు లేదు. ఆ తీరమున కెరటములు ఎత్తుగా లేచి విరుగును. కూవము, అడయారు అను ఏరులు రెండును వేసవిలో సన్నగిల్లునవే. ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసికొని నిలువవలసినదే. ఇట్టిచోట వర్తకులు ఏల దిగిరి?

ఇంగ్లీషు కుంపిణీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. అచ్చట గోలకొండ ఉద్యోగుల యొత్తిడియు, డచ్చివారి పోటీయు అధికమగుటచే 1626లో నెల్లూరుసీమలోని దుగరాజపట్టణమున మరియొక స్థానమును చూచుకొనిరి. అచ్చటను వలసినంత బట్ట దొరకదయ్యెను. అప్పుడు ఫ్రాన్సిస్ డే అను కుంపిణీ ఉద్యోగి దక్షిణముగా పోయి, ప్రళయకావేరియందలి డచ్చివారి కోటకును, మైలాపురమునందలి పోర్చుగీసువారి శాంథోముకును నడుమనున్న మదరాసుపట్టణమను చిన్నయూరిని ఎన్నుకొనెను. ఇచ్చట నూలుబట్ట ఇతరస్థలములకంటె నూటికి 20 వంతులు చౌకయని అతడు పైవారికి వ్రాసెను. రేవు చెడ్డది, బట్ట చౌక. ఈ లెక్కయే మహానగరమునకు పునాది యయ్యెను.

ఆ భూమి చంద్రగిరినుండి పాలించుచుండిన వేంకటపతిరాయల యేలుబడిలోనిది. రాయలక్రింద దామెర్ల వేంకటాద్రినాయకుడు వందవాసియందును, అతని సోదరుడు అయ్యప్పనాయకుడు పూనమల్లియందును అధికారము నెరపుచుండిరి. 1639లో వేంకటాద్రినాయకుడు ఇంగ్లీషువారికి కౌలు నిచ్చెను. ఆగష్టు 22వ తేదీని ఆ నగరవాసులు నేటికిని పట్టణపు పుట్టినదినముగా జరుపుకొనుచున్నారు. కోట కట్టుకొనవచ్చును, నాణెములు ముద్రింపవచ్చును, కుంపిణీ సరకులకు సుంకము లేదు, రేవున వచ్చు తక్కిన సుంకములో చెరిసగము - ఇవి ఆ కౌలులోని ముఖ్యాంశములు. 1640లో సెయింట్ జార్జి కోట కట్టడము మొదలయ్యెను. కోటకు ఉత్తరమున వెలసిన యూరికి నాయకుల తండ్రి చెన్నప్ప పేర చెన్నపట్టణమను పేరు కలిగెను. ఆ వంశమువాడేయైన దామెర్ల అంకభూపాలుడు తన ఉషాపరిణయకావ్యమున, ప్రళయకావేరికిని మైలాపురమునకును నడుమ తన సోదరుడు తండ్రిపేర ఈ పట్టణమును కట్టించిన సంగతి చెప్పియున్నాడు. ఇంత గొప్ప నగరముయొక్క జననవార్త ఒక తెలుగుకావ్యమునకెక్కుట మనవారు గుర్తుంచుకొనదగినది.

1645లో శ్రీరంగరాయలు ఈ కౌలును స్థిరపరచెను. పిదప ఆ సీమ గోలకొండవారి వశమయ్యెను. సగము సుంకము చెల్లించుటలో తగవులు వచ్చుచుండగా, 1672లో గోలకొండ అధికారియగు నెక్నాంఖాను ఏటికి 1200 వరహాలు మక్తాగా నిర్ణయించెను. ఊరు పెరిగెను, ఓడలు పెరిగెను, సుంకము పెరిగెను. మక్తా మాత్రము 1200 వరహాలే. కౌలు వ్రాయునాడు ముందు రాబోవు పెరుగుదలను లెక్కలోనికి తీసికొననివారికి ఏమి మిగులునో ఈ ఒక్క పద్దు చూచిన తెలియును. ఫిరంగులకంటె ముందుగా ఇంగ్లీషువారిని గెలిపించినది ఇట్టి కాగితములే.

నాయకుడిచ్చినది ఇసుకనేల. దానిని పట్టణముగా చేసినవారు నేతగాండ్రు, అద్దకపువారు, చాకళ్లు, పడవవాండ్రు, బేరిసెట్లు, కోమట్లు. పన్నుల మినహాయింపు కలదని విని చుట్టుపట్ల ఊళ్లనుండి వందలకొలది నేతకుటుంబములు వచ్చి చేరెను. బేరి తిమ్మన, కాశీ వీరన్న మొదలగువారు కుంపిణీకి ముఖ్యవర్తకులైరి. వీరన్న పేరు ఇంగ్లీషువారి నోట కాసా వెరోనా యయ్యెను. అతడు 1680లో మరణించెను. రెండు భాషలు తెలిసి, ఇరువైపుల బేరము కుదుర్చువారు దుబాసీలనబడిరి. ఇంగ్లీషు దొరకు తెలుగుగాని తమిళముగాని రాదు. నేతగానికి ఇంగ్లీషు రాదు. నడుమనున్న దుబాసీకి రెండును వచ్చును గనుక రెండు చేతులకును పని యుండెడిది.

ఆ వర్తకము నడచిన తీరు తెలిసికొనదగినది. ఓడ వచ్చుటకు ఎన్నియో నెలలు ముందుగా కుంపిణీవారు బట్ట నమూనా, పొడవు, వెడల్పు, ధర నిర్ణయించి ముఖ్యవర్తకునికి బయానా నిచ్చెడివారు. ఆ సొమ్ము అతనినుండి దళారికిని, దళారినుండి నేతగానికిని చేరెడిది. నేతగాడు దానితో నూలు కొని, ఇంటికి గింజలు కొని, నేసి, చెప్పిన గడువునకు బట్ట నప్పగింపవలెను. ఆ బట్ట చాకలివారి పేటయగు వణ్ణారపేటలో చలువచేయబడి, కోటలో మడతపడి, పడవలపై ఓడకు చేరెడిది. అందు కొంత జావా, సుమత్రా దీవులకు పోయి మిరియములుగా మారెడిది, తక్కినది ఇంగ్లండునకు. మగ్గము నేతగానిదే, సొమ్ము పరులది. కరవు వచ్చి గింజల ధర రెట్టింపైనను బట్టధర ముందే కుదిరినది గనుక ఆ నష్టము నేతగాని నెత్తిననే పడెడిది. 1734లో మార్టన్ పిట్ అను గవర్నరు నేత, వడుకు, అద్దకపు వృత్తులవారికై చింతాద్రిపేటను ఏర్పాటు చేసెను. తమిళమున తరి యనగా మగ్గము; చిన్నతరిపేటయే చింతాద్రిపేట యయ్యెనని చెప్పుదురు.

బట్టతోపాటు రత్నముల వర్తకమును సాగెను. కృష్ణాతీరమున కొల్లూరు గనిలో దొరకిన 410 క్యారట్ల వజ్రమును 1698 మొదలు 1709 వరకు గవర్నరుగా నుండిన థామస్ పిట్ 48,000 వరహాలకు కొనెను. 1717లో అది ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌనులకు అమ్ముడుపోయెను. కొన్నవెల ఇంగ్లీషు నాణెములలో ఇరువదివేల పౌనులకు కొంచెము మించినది. సానబట్టిన ఆ వజ్రము పారిసునగరపు లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. కొల్లూరు గ్రామము పులిచింతల జలాశయపు ముంపులోనిది. వజ్రమును త్రవ్వినవాని కూలి యెంతో చరిత్రము వ్రాసియుంచలేదు.

పట్టణము పెరిగినకొలది పల్లెలను కలుపుకొనెను. 1693లో ఎగ్మూరు, పురసవాకము, తండయారుపేటయు. 1708లో తిరువొత్తియూరు, నుంగంబాకము మొదలగు అయిదూళ్లును. 1742లో వేపేరి, పెరంబూరు మొదలగునవియు చేరెను. నేడు పట్టణపు పేటలుగా వినబడు ఈ పేళ్లన్నియు ఒకప్పుడు చెరువులు, ఆయకట్టు, పొలిమేరలు గల పల్లెలు. 1688లో ఏర్పడిన మదరాసు కార్పొరేషను భారతదేశపు పురపాలకసంఘములలో మొదటిది. 1920 తరువాత మాంబళమువద్దనున్న పొడవైన చెరువును పూడ్చి త్యాగరాయనగరమును కట్టిరి. నేతపరిశ్రమ నడిపిన తెలుగుకుటుంబమున పుట్టి కార్పొరేషను అధ్యక్షుడైన పిట్టి త్యాగరాయశెట్టిగారి పేర అది వెలసినది. పేరు గొప్పది; చెరువు మాత్రము తిరిగి రాలేదు.

పదునెనిమిదవ శతాబ్దమున పట్టణపు బ్రదుకుతెరువే మారిపోయెను. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొనిరి; సంధిననుసరించి 1749లో తిరిగి ఇచ్చివేసిరి. ఆర్కాటు నవాబు యుద్ధముల వెచ్చములకై కోటలోని దొరలవద్దనే అప్పులు చేసి, ఆ అప్పుల వడ్డీకి పల్లెల శిస్తును ఒప్పజెప్పెను. 1765-66లో ఉత్తరసర్కారులును, 1800లో దత్తమండలములును, 1801లో నెల్లూరుతో కూడిన కర్ణాటకరాజ్యమును కుంపిణీ పాలనలోనికి వచ్చెను. అంతకుముందు కుంపిణీవారు బట్ట కొనుటకై ఐరోపానుండి వెండి తెచ్చెడివారు. ఇప్పుడు రైతుశిస్తే వారికి చేతిసొమ్మయ్యెను. గంజామునుండి తిన్నెవెల్లివరకు ప్రతి పల్లె జమాబందియు తాలూకాలు, జిల్లాలు దాటి 1786లో ఏర్పడిన రెవిన్యూబోర్డునకు చేరెను. వర్తకపట్టణము రాజధానిగా మారుటలోని యాంతర్యమిది: మునుపు పల్లెనుండి బట్ట కొనెడిది, పిమ్మట పల్లెనుండి పన్ను గొనెడిది.

నేతగాని పతనమును ఆ కాలముననే మొదలయ్యెను. ముఖ్యవర్తకులను తొలగించి కుంపిణీవారు తమ గుమాస్తాలద్వారా నేతగాండ్రకు నేరుగా బయానా లిచ్చి, బాకీ తీరునంతవరకు ఇతరులకు నేయరాదని కట్టడిచేసిరి. ఇంగ్లండులో భారతదేశపు అద్దకపుబట్టలను నిషేధించుచు 1700లోను, 1721లోను చట్టములు పుట్టియుండెను. తరువాత యంత్రములు వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దమున మదరాసురేవునుండి బట్ట పోవుట తగ్గి, మదరాసురేవునకు బట్ట వచ్చుట హెచ్చెను. చౌకబట్టను వెదకుకొనుచు వచ్చి ఊరు కట్టినవారే, తమ చౌకబట్టతో ఆ ఊరి మగ్గములను మూలబెట్టిరి.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మ్రింగిన ధాతుకరవునందు లక్షలకొలది జనులు మరణించిరి. రాజధానిలో ధాన్యము లేకపోలేదు. రేవున దిగిన బస్తాలు గుట్టలుగా పడియుండగా పల్లెజనము గంజికై పట్టణమునకు నడచివచ్చుచుండిరి. సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి సలహాపై కరవుపనిలోని కూలికి దినమునకు ఒక్క పౌను గింజలు మాత్రమే లెక్కకట్టిరి. ఆ కూలితో త్రవ్వబడినదే పట్టణమధ్యమున కూవమునకును అడయారునకును నడుమనున్న కాలువభాగము. అప్పటి గవర్నరు బకింగ్‌హాము ప్రభువు పేర మొత్తము కాలువకు బకింగ్‌హాము కాలువ యని పేరు పెట్టిరి. త్రవ్వినవారికి పేరులేదు.

ఆ కాలువ మన కోస్తాపల్లెలకు చిరకాలపు బంధువు. 1806లో పట్టణమునుండి ఎన్నూరు వరకు మొదలై, క్రమముగా ఉత్తరమునకు సాగి, కృష్ణాకాలువలతో కలిసెను. కృష్ణాగోదావరీ మండలముల బియ్యము, శ్రీహరికోట వంటచెరకు, తీరపు ఉప్పు పడవలపై చెన్నపట్టణమునకు చేరెడివి. పట్టణపు సరకులు తిరుగుపడవలపై వచ్చెడివి. 1965-66 నాటి తుపానులకు అది దెబ్బతినెను. పిమ్మట పడవల రాకపోకలు సన్నగిల్లి క్రమముగా నిలిచిపోయెను.

రేవు కథ వేరు. మసూలాపడవలు మేకు లేకుండ కొబ్బరిత్రాటితో కుట్టినవి. కెరటము కొట్టినపుడు వంగునే కాని పగులవు. రెండువందల యేండ్లకు పైగా వర్తకమంతయు ఆ పడవవాండ్ర చేతులమీదనే నడచెను. 1875లో రాతికట్టలతో రేవు కట్ట నారంభించిరి. 1881 నవంబరులో వచ్చిన గాలివాన దానిని పడగొట్టెను. మరల కట్టి 1895 నాటికి ముగించిరి. తూర్పునుండిన ద్వారమును ఇసుక మూసివేయుచుండగా, 1904లో వచ్చిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు దానిని మూయించి ఈశాన్యమున కొత్తద్వారము నమర్చెను. ఉత్తరముగా కదలు ఇసుకకు రాతికట్ట అడ్డమగుటచే దక్షిణమున మెరీనా తీరము వెడల్పయ్యెను. ఉత్తరమున రాయపురమువైపు సముద్రము నేలను కోసికొనిపోయెను. ఒకచోట మేటవేసినది మరియొకచోట కోతపడినదే.

1856 జూలై 1న రాయపురమునుండి వాలాజాకు దక్షిణదేశమున మొదటి ప్రయాణికుల రైలు నడచెను. 1876లో బకింగ్‌హాము మిల్లును, కొంతకాలమునకు కర్ణాటక మిల్లును వెలసెను. మూలబడిన మగ్గముల సీమయందు కూలివాండ్ర కొదవ యుండునా? ఆ కార్మికుల కష్టములనుండియే 1918 ఏప్రిలు 27న మదరాసు లేబరు యూనియను పుట్టెను. క్రమపద్ధతిగా నేర్పడిన కార్మికసంఘములలో దేశమున అది మొదటిదిగా లెక్కింపబడుచున్నది. ఆ మిల్లులు 1996లో మూతపడెను. 1906 అక్టోబరులో అర్బత్‌నాట్ అను దొరల వడ్డీవర్తకశాల దివాలాయెత్తి, వేలకొలది కుటుంబముల నిలువసొమ్ము మునిగిపోయెను. ఆ దెబ్బకు మేలుకొనిన దేశీయులు 1907లో ఇండియన్ బ్యాంకును స్థాపించిరి. నమ్మకము పోయినచోటనే నమ్మకమును తిరిగి నిలుపుట వర్తకమున కష్టమైన పని. వారు దానిని చేసి చూపిరి.

ఇంత పన్ను తీసికొనిన పట్టణము తెలుగువారికి తిరిగి యిచ్చినదేమియు లేదా యన్నచో, కలదు. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో అచ్చటనే వెలువడెను. మన పురాణములను ప్రబంధములను పల్లెటూరి అటకలమీది తాటాకులనుండి చవకధరల పుస్తకములుగా మార్చినది వావిళ్లవారి ముద్రణాలయము. గాజుల లక్ష్మీనరసుశెట్టి అను తెలుగువర్తకుడు 1844లో క్రెసెంటు అను పత్రికను నెలకొల్పి, 1852లో మదరాసు దేశీయసంఘమును స్థాపించి, శిస్తు వసూలునందు రైతులను పెట్టుచుండిన బాధలను బ్రిటిషు పార్లమెంటు దృష్టికి తెచ్చెను. బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో అచ్చట దినపత్రిక యయ్యెను. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ఆ నగరముననే 58 దినముల నిరాహారదీక్షతో ప్రాణము విడిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. చెన్నపట్టణము తమిళుల పాలయ్యెను. వీథులలో అత్యధికులు మాటలాడు భాషనుబట్టి చూచిన అది న్యాయమే. తెలుగువారికి కలిగిన బాధయు నిజమే.

1996లో చెన్నై యను పేరును అధికారికముగా గ్రహించిన ఆ నగరము నేడు మోటారుబండ్లకును, తోళ్లకును, కంప్యూటరు పనులకును, వైద్యమునకును పేరొందినది. 1955లో పెరంబూరున ఆరంభమైన రైలుపెట్టెల కర్మాగారము దేశమంతటికి పెట్టెలను పంపుచున్నది. అయినను నారదుని మొదటి ప్రశ్న దానిని విడువలేదు. 1983లో జరిగిన యొడంబడిక మేరకు కృష్ణానీరు రాయలసీమ, నెల్లూరు నేలలను దాటి, కండలేరు మీదుగా 1996లో ఆ పట్టణమును చేరెను. 2015 డిసెంబరులో వానలకు నగరము మునిగెను. 2019 వేసవిలో చెరువులెండి, జోలార్‌పేటనుండి రైళ్లమీద త్రాగునీరు తెచ్చుకొనవలసివచ్చెను. నాలుగేండ్లలో మునుగుటయు, దప్పిగొనుటయు! పూడ్చిన చెరువులు తమ పద్దును మరచిపోవు.

పల్లె లేనిదే పట్టణము లేదనుట పాతమాట. పట్టణము ఎక్కి వచ్చిన మెట్లను చూచినచో ఆ మాట పొగడ్త గాదు, లెక్క యని తెలియును. బట్ట పల్లెది, శిస్తు పల్లెది, బియ్యము పల్లెది, కరవుకూలి చెమట పల్లెది, నేటి నీరును పల్లెల మీదుగా పోవునదే. ఈ లెక్కలో పల్లెకు జమపడిన పద్దులు కొన్నియే. వానిలో ఒకటి మాత్రము చిన్నదైనను చెక్కుచెదరనిది. 1948లో ఆ నగరమున శాసనమైన మదరాసు పౌరగ్రంథాలయచట్టము స్వతంత్రభారతమున ఆ విధమైన చట్టములలో మొదటిది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్ను కొంత వసూలుచేసి ఆ సొమ్మును పుస్తకములకే వినియోగింపవలెనని అది విధించెను. ఆంధ్రరాష్ట్రము వేరుపడిన పిదపను 1960లో మన చట్టము వచ్చువరకు కోస్తా, రాయలసీమలయందు అదియే నడచెను. పల్లెలు శతాబ్దములుగా చెల్లించిన పన్నులలో తిరిగి పల్లెవాని చేతికే అక్షరరూపమున వచ్చినది ఇది యొక్కటి.

నేతగాడు తన బట్టకు లండనులో పలికిన వెల నెరుగడు. నాయకుడు తన కౌలునకు నూరేండ్ల పిమ్మట కలుగు విలువ నెరుగడు. గంజికి నడచివచ్చినవాడు రేవున బస్తాలు ఎవరివో యెరుగడు. ఎరుగకపోవుటచేతనే వారు నష్టపడిరి. గ్రంథాలయమునకు వచ్చి ఇట్టి సంగతులను చదివి తెలిసికొను పల్లెవానిని అట్టి బేరములో దింపుట అంత సులభము గాదు. ఇరువదియైదేండ్లుగా ఒక యూరిలో పుస్తకములబీరువా తెరచియుండుటవలన కలుగు లాభమును ఏ జమాబందియందును చూపలేరు. అయినను అది ఆ యూరి ఆస్తియే.